కట్టినవారూ, కాపరమున్నవారూ

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్న పెద్దమనిషి ఎవరో గాని, ఆయన లెక్కంతా ఖర్చు పెట్టేవాడి లెక్కే. కట్టిన ఇంట్లో పాతికేళ్ళు కాపరం చేసి చూడమని ఆయన అనలేదు. వంటింటి కిటికీ పడమటెండకి ఎదురుగా పెడితే ఆ సెగ ఎవరికి తగులుతుందో, చీపురు దూరని మూలలు ఎన్ని వున్నాయో, వానాకాలంలో బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలో, ఇవన్నీ ప్లాను గీసినవాడికీ డబ్బు పోసినవాడికీ అంతగా పట్టవు. లోపల మసిలేవాళ్ళకి పడతాయి. అంచేత భవనాల మీద విమర్శ చేసే హక్కు ఇంజనీర్లకి ఎంత వుందో మనకీ అంతే వుందని నా నమ్మకం. ఆ ధైర్యంతోనే యీ నాలుగు మాటలూ.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో కొలంబస్ అని ఒక చిన్న వూరుంది. ఒహాయోలో వున్న పెద్ద కొలంబస్ కాదు, ఇది వేరు. 2020 జనాభా లెక్కల్లో 50 వేల పైచిలుకు మనుషులు. మన లెక్కన ఓ మాదిరి తాలూకా కేంద్రమన్నమాట. చుట్టూ మొక్కజొన్న చేలు. అలాంటి వూళ్ళో, పాఠాల పుస్తకాల్లో పేర్లు కనిపించే ఆర్కిటెక్టులు బడులూ, బ్యాంకులూ, చర్చిలూ, ఆఖరికి ఫైరింజన్ల షెడ్డు కూడా కట్టిపెట్టారు. 1991లో అమెరికా ఆర్కిటెక్టుల సంస్థవారు భవన నిర్మాణంలో కొత్తదనం చూపిన నగరాలను వరసపెడితే యీ వూరికి ఆరో స్థానం వచ్చింది. దాని ముందున్నవి ఏవనుకున్నారు? షికాగో, న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో, బోస్టన్, వాషింగ్టన్!

మా అమ్మాయి వాళ్ళుండే ఇండియానాపొలిస్ నుంచి కారులో గంట ప్రయాణం. పొద్దున్నే పులిహోరా పెరుగన్నం డబ్బాల్లో సర్దుకుని బయల్దేరి, చీకటిపడేవేళకి ఇల్లు చేరాం. ఒక్క పగటిలో చూసినదాన్ని పట్టుకుని వూరి మీద తీర్పు చెప్పొచ్చునా అని మీరడగవచ్చు. పెళ్ళిచూపుల్లో అరగంటలో చెప్పటం లేదూ? చూడవలసిన చోట చూస్తే చాలు.

ఇంతకీ యిదంతా ఎలా జరిగిందో చెప్పాలి. ఆ వూళ్ళో కమిన్స్ అని డీజిల్ ఇంజన్లు చేసే పెద్ద కంపెనీ వుంది. మనకీ కొత్తపేరు కాదు. 1962లో పూనాలో కిర్లోస్కర్ వాళ్ళతో కలిసి ఫ్యాక్టరీ పెట్టింది వీళ్ళే. ఆ కంపెనీని చాలాకాలం నడిపినాయన జె. ఇర్విన్ మిల్లర్. 1909లో పుట్టి 2004లో పోయాడు. యుద్ధం అయ్యాక వూళ్ళో పిల్లలు పెరిగారు, బడులు చాలలేదు, హడావిడిగా చవకబారు బడులు లేపే రోజులవి. అప్పుడు మిల్లర్ ఒక బేరం పెట్టాడు: "పేరున్న ఆర్కిటెక్టుల జాబితా ఒకటి మేమిస్తాం. అందులోంచి మీకు నచ్చినవాణ్ణి మీరే ఎంచుకోండి. ఆయన ఫీజు మా కంపెనీ ఫౌండేషన్ కడుతుంది. కట్టుబడి ఖర్చు మాత్రం మీదే" అని. మాటలు నావి గాని బేరం సారాంశం అదే. దానికింద 1957లో మొదటి బడి లేచింది. తరవాత తక్కిన ప్రభుత్వ భవనాలకీ అదే పద్ధతి.

"ఎంత ధర్మబుద్ధి అమ్మా!" అన్నాను మా అమ్మాయితో.

"ధర్మమే కాదమ్మా," అన్నాడు మా అల్లుడు ముందు సీట్లోంచి. పేరుకి నేను అత్తగారినైనా ఆయన నన్ను అమ్మా అనే పిలుస్తాడు. "మంచి ఇంజనీర్లు యీ పల్లెటూరికి రావాలంటే పిల్లలకి మంచి బడి వుండాలి కదా. లేకపోతే ఆడవాళ్ళు ఒప్పుకోరు."

ఆ మాట నాకెంతో నచ్చింది. డీజిల్ ఇంజన్ల కంపెనీ యజమాని కూడా చివరికి ఇల్లాలి ఇష్టాయిష్టాలకి భయపడే యీ గొప్ప పని మొదలుపెట్టాడంటే కాస్త గర్వంగానే వుంటుంది మరి. ఆ ఇంజనీర్లలో తరవాత్తరవాత మన దేశంవాళ్ళూ, అందులో తెలుగువాళ్ళూ చేరారు.

మొదటి బడి పేరు లిలియన్ ష్మిట్ బడి. హ్యారీ వీజ్ అనే ఆయన కట్టాడు. నాకు అన్నిటికన్న అదే ముద్దొచ్చింది. ఒక్కొక్క తరగతి గదికి విడివిడిగా చిన్న పెంకుటిల్లు మాదిరి వాలు కప్పు. అయిదేళ్ళ పిల్ల ఇల్లు విడిచి మొదటిసారి బడికొస్తే, "ఇదీ ఇల్లే, ఏడవకు" అన్నట్టుంటుంది. 1960లో కట్టిన మేబుల్ మెక్‌డవెల్ బడి ఇంకో రకం. విడివిడి గుడారాల్లాంటి భవనాలు, మధ్యలో వాకిలి, వాటిని కలుపుతూ నీడ వసారాలు. మన మండువా ఇల్లు ఎరిగినవాళ్ళకి దాన్ని వేరే వివరించనక్కర్లేదు. పిల్లల ఎత్తుకి కూచుని ఆలోచించినవాడు కట్టిన బడికీ, కంట్రాక్టరు బిల్లు కోసం లేచిన బడికీ తేడా గుమ్మంలోనే తెలుస్తుంది.

ఇక బ్యాంకు. దీన్ని గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఇర్విన్ యూనియన్ బ్యాంకు. 1954లో ఈరో సారినెన్ కట్టాడు. పాతకాలపు బ్యాంకులు మీకు తెలుసుగా, ఎత్తయిన మెట్లూ, కోట గుమ్మంలాంటి గుమ్మమూ, లోపల ఇనప చువ్వల వెనక గుమాస్తా. అప్పు కోసం వచ్చిన రైతు ఆ గుమ్మం చూసే సగం చచ్చేవాడు. మిల్లర్ ఆ భయం పోగొట్టమన్నాడు. సారినెన్ ఒంటంతస్తు భవనం నేలకి సమంగా వేసి, నాలుగువైపులా అద్దాల గోడలు పెట్టి, పైన తొమ్మిది చిన్న గుమ్మటాలు బోర్లించాడు. లోపల చువ్వలు లేవు. చుట్టూ చెట్లు. రోడ్డు మీద పోతున్నవాళ్ళకి లోపల ఎవరు ఏం చేస్తున్నారో కనిపిస్తుంది. డబ్బు వ్యవహారం పదిమందికీ కనబడేలా జరగాలన్న ఆలోచన అది.

ఎంత మంచి ఆలోచన! కాని కథ అక్కడితో అయిపోలేదు. 2009లో ఆ బ్యాంకు దివాలా తీసింది. ప్రభుత్వంవారు మూసేశారు. అద్దాల్లోంచి గుమాస్తాలు కనిపించారు గాని, లెక్కల పుస్తకాల్లో ఏముందో కనిపించలేదు. తరవాత ఆ భవనం కమిన్స్ వారి సమావేశ మందిరమయింది. నా మొదటి విమర్శ యిక్కడే. భవనం నిజాయితీగా వుండవచ్చు, అది మనుషుల చేత నిజాయితీగా పనిచేయిస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకూడదు. ఆర్కిటెక్టులను ఆకాశానికెత్తే వ్యాసాలు తరచు ఆ ఆశ పెడుతుంటాయి. మంచి వంటిల్లు వున్నంత మాత్రాన వంట రాదు కదా!

తరవాత చర్చి. వూళ్ళో మొట్టమొదటి ఆధునిక భవనం యిదే. 1942లో ఎలియెల్ సారినెన్ కట్టాడు. బ్యాంకు కట్టినాయనకి తండ్రి, ఫిన్లాండు దేశస్థుడు. పెద్ద పెద్ద డబ్బాలు పేర్చినట్టు సాదా ఇటుక గోడలు, పక్కనే 166 అడుగుల చతురస్రపు గోపురం. మొదట చూస్తే "ఇది చర్చేనా?" అనిపిస్తుంది. లోపల కూచున్నాక అనిపించదు. వెలుతురు పక్కనుంచి నెమ్మదిగా వస్తుంది. సిలువ కూడా నడిమధ్య కాకుండా ఒక పక్కగా వుంటుంది. అలా పెట్టినందువల్ల కన్ను దాన్ని వెతుక్కుంటూ వెడుతుంది. గోడకి వేలాడే పెద్ద నేత తెర ఒకటి వుంది. కొండమీది ప్రసంగం దాని ఇతివృత్తం. ఆ తెరని భర్తతో కలిసి రూపకల్పన చేసి, తన మగ్గాలమీద నేయించినది ఆయన భార్య లోయా సారినెన్. ఆ వూరికి వచ్చేవాళ్ళందరూ సారినెన్లు తండ్రీ కొడుకుల గురించి మాట్లాడుకుంటారు. ఆ గదిలో ఇటుకల కర్కశత్వాన్ని తగ్గించి మనసుకి దగ్గర చేస్తున్నది ఆమె నేతే. మనం ఆ మాట చెప్పకపోతే ఎవరు చెబుతారు?

మధ్యాహ్నం మిల్లర్ గారి సొంత ఇల్లు. దీనికి ముందుగా టిక్కెట్లు కొనుక్కుని బస్సులో వెళ్ళాలి. 1957లో అదే ఈరో సారినెన్ కట్టాడు. లోపలి అలంకరణ అలెగ్జాండర్ జిరార్డ్‌ది, తోట డాన్ కైలీది. హాలు మధ్యలో నేలలోకి దిగిన చతురస్రపు గొయ్యి వుంటుంది. నాలుగు మెట్లు దిగి, చుట్టూ మెత్తల మీద కూచుని కబుర్లు చెప్పుకోవాలి. వేసవికి ఒక రకం మెత్తలు, చలికాలానికి ఇంకో రకం. 50 అడుగుల పొడుగున గోడంతా అరలే. భోజనాల బల్ల నడిబొడ్డున నీళ్ళు చిమ్మే చిన్న ఫౌంటెన్ వుంది.

నిజం చెబుతున్నా, గొయ్యి చూస్తే ముచ్చటేసింది. పైన కుర్చీల్లేవు గనక గదిలోంచి తోట దాకా చూపుకి అడ్డమే లేదు. అయిదుగురు పిల్లలున్న ఇంట్లో అందరూ ఒకచోట కిందికి దిగి కూచోవటం అంటే మనం వాకిట్లో చాప పరుచుకు కూచోవటమే. ఆ అరల గోడ కూడా సంసారం తెలిసినవాడి పని. తలుపు వేస్తే గందరగోళం కంటికి కనబడదు. కాని మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు ఆ మెట్లు దిగేదెలా? దిగితే ఎక్కేదెలా? బల్ల మధ్య ఫౌంటెన్‌లో పప్పుచారు చుక్క పడితే? మా అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని, "అమ్మా, మెల్లిగా" అంది. గైడుకి తెలుగు రాదు కాబట్టి సరిపోయింది.

నవ్వులాటకి అన్నా, ఇందులో ఒక సంగతి వుంది. ఇంటికి నాలుగు మూలలా నాలుగు భాగాలు పెట్టారు: తలిదండ్రులకొకటి, పిల్లలకొకటి, అతిథులకీ పనివారికీ ఒకటి, వంటకీ చాకిరేవుకీ ఒకటి. వంటింటిని పెరట్లోకి నెట్టెయ్యకుండా తక్కినవాటితో సమానంగా ఒక మూల ఇవ్వటం నాకు గొప్పగా తోచింది. మన పట్నాల్లో లక్షలు పోసి కొనే ఫ్లాట్లలో వంటింటికి దక్కేది ఎంతో మీకు తెలియనిది కాదు.

పులిహోర డబ్బాలు మిల్‌రేస్ పార్కులో విప్పాం. నది పక్కన, 1992లో మైకేల్ వాన్ వాల్కెన్‌బర్గ్ తీర్చిన పార్కు. నీళ్ళొస్తే మునగటానికి సిద్ధపడే వేసిన తోట. చల్లగా, విశాలంగా, ఎంతో బాగుంది. చాలాయేళ్ళ కిందట అక్కడ పల్లంలో బీదవాళ్ళు గుడిసెల్లాంటి ఇళ్ళల్లో వుండేవారట. ఆ చోటుని 'మృత్యులోయ' అనేవారట. 1960లలో అవన్నీ తీసేశారు. ఆ సంగతి తెలిశాక పులిహోర కాస్త నెమ్మదిగా దిగింది. ఏ వూళ్ళో అయినా అందం రావాలంటే ముందు లేవవలసింది ఎవరి కొంపలో, అది ఇండియానాలోనూ తేడాగా లేదు. భవనాల పక్కన కట్టించినవారి పేరూ, గీసినవారి పేరూ వేస్తారు. అక్కడ ముందు వున్నవారి పేర్లు కూడా వెయ్యాలని నాకనిపిస్తుంది.

అందుకేనేమో, లైబ్రరీ చూడగానే మనసు కుదుటపడింది. చర్చికి సరిగ్గా ఎదురుగా, 1969లో ఐ. ఎమ్. పే కట్టిన ఇటుకల లైబ్రరీ. దానికి పెట్టిన పేరు ఏ కోటీశ్వరుడిదీ కాదు. క్లియో రోజర్స్ అని, అక్కడ లైబ్రేరియన్‌గా పనిచేసిన ఆవిడ పేరు! జీవితమంతా పుస్తకాలకి నంబర్లు వేసి, పిల్లలకి ఏ పుస్తకం బావుంటుందో వెతికిచ్చిన ఆడమనిషి పేరు అంత పెద్ద భవనం మీద వుంది. బడులకీ ఆడవాళ్ళ పేర్లేనని యిందాక చెప్పానుగా. ముందున్న ఖాళీ స్థలంలో హెన్రీ మూర్ చేసిన 20 అడుగుల కంచు తోరణం, 1971లో పెట్టారు. కిందనుంచి జనం నడిచిపోవచ్చు. మా మనవరాలు అందులోంచి పదిసార్లు యిటూ అటూ పరుగెత్తింది. ఎవరూ "ముట్టుకోకు" అనలేదు. అంతకన్న పెద్ద మెప్పు శిల్పానికి ఏం కావాలి?

ఫైరింజన్ల షెడ్డు కూడా చూశాం. నాలుగో నంబరుది. రాబర్ట్ వెంచూరీ కట్టాడు. తెల్లటి ముందుగోడ, మధ్య బురుజు, దానిమీద పెద్ద 4 అంకె. అంతే. రబ్బరు గొట్టాలు వేలాడదీసి ఆరబెట్టుకోవటానికే ఆ బురుజు. "ఇది చూడటానికి యింతదూరం వచ్చామా?" అనిపించినా, బట్టలారేసుకునే చోటుని ముందువైపే పెట్టి దాన్నే అలంకారం చేసినవాణ్ణి నేను మెచ్చుకోకుండా వుండలేకపోయాను.

ఇప్పుడు కష్టమైన మాటలు కొన్ని. ఈరో సారినెన్ కట్టిన ఆఖరి చర్చి వూరికి ఉత్తరాన వుంది. ఆరు పలకల భవనం, మధ్యలో 192 అడుగుల సన్నటి శిఖరం. 1964లో పూర్తయింది. 1961లోనే ఆయన 51వ యేట పోయాడు, కళ్ళారా చూసుకోలేదు. వచ్చే భక్తులు తగ్గిపోయి, అంత భవనం నిలబెట్టుకునే ఖర్చు భరించలేక, 2022లో ఆ సంఘంవారు ప్రార్థనలు ఆపేశారు. భవనం వూరి లైబ్రరీ చేతికి వచ్చింది. తండ్రి కట్టిన గోపురం ఇటుకలు కూడా పాడయితే చందాలు పోగుచేసి బాగుచేయించవలసి వచ్చింది. మైరన్ గోల్డ్‌స్మిత్ 1971లో కట్టిన పేపరాఫీసు వుంది, 'రిపబ్లిక్' పత్రికది. అద్దాల వెనక అచ్చుయంత్రం తిరుగుతుంటే వూళ్ళోవాళ్ళు నిలబడి చూసేవారట. పత్రిక వెళ్ళిపోయింది, యిప్పుడక్కడ యూనివర్సిటీవారి ఆర్కిటెక్చరు కాలేజీ. సీజర్ పెల్లీ 1973లో కట్టిన బజారు భవనాన్ని పడగొట్టి 2011లో కొత్తది తెరిచారు. పాతదానిలోంచి టింగెలీ చేసిన కదిలే ఇనప బొమ్మని మాత్రం వుంచుకున్నారు.

ఫీజు ఇచ్చే దాత దొరికాడు, కట్టారు. కాని అద్దాలు తుడవటానికీ, కప్పు కారితే బాగుచెయ్యటానికీ, ఇటుక రాలితే అతకటానికీ ఫీజు ఇచ్చే దాత ఎవరు? పెళ్ళికి పెట్టుపోతలు పెట్టేవాళ్ళు చాలామంది వుంటారు, పురుళ్ళకీ పుణ్యాలకీ కనిపించరు. ఆ వూళ్ళో యిప్పుడు ఆ రెండో పని చెయ్యటం మొదలుపెట్టిన సాధారణ జనాన్ని నేను మిల్లర్ గారికన్న ఎక్కువగా గౌరవిస్తాను. జాబితా ఆయనదే కావచ్చు. ఎవరో ఇచ్చిన వస్తువు మనదయ్యేది, దాన్ని మనం తుడిచి బాగుచేసుకున్న రోజునే.

ఇంకొక లోపం కూడా చెప్పెయ్యాలి. ఊరి నడుమ వున్నవి నడిచి చూడవచ్చు గాని, బడులకీ, ఉత్తరం చర్చికీ, ఫైరింజన్ల షెడ్డుకీ కారుండాల్సిందే. ఇంత బుర్రపెట్టి కట్టిన వూళ్ళో కాలిబాటల మీద మనిషి జాడ తక్కువ. చండీగఢ్ గురించీ జనం యిలాగే అంటారు. అది ప్రభుత్వం కట్టించిన రాజధాని, యిది కంపెనీ ఫీజులతో ఎదిగిన పల్లె. రెండింటిలోనూ భవనాలకిచ్చిన శ్రద్ధలో సగం వీధికి దక్కలేదు. మంచి వీధంటే నాలుగు అరుగులు, యిద్దరు పలకరించేవాళ్ళు. అది ఏ ఆర్కిటెక్టూ ఒక్కడూ గీసి యివ్వలేడు.

సాయంత్రం కోర్టు ఆవరణలోకి వెళ్ళాం. 1874 నాటి పాత కోర్టు భవనం పక్కన 25 రాతి స్తంభాలు, ఒక్కొక్కటి 40 అడుగులు, దగ్గర దగ్గరగా నిలబెట్టి వున్నాయి. ఆ జిల్లానుంచి యుద్ధాలకి వెళ్ళి తిరిగిరాని వాళ్ళ జ్ఞాపకార్థం 1997లో కట్టారు. బయటినుంచి చూస్తే రాళ్ళే. లోపలికి వెళ్ళాక స్తంభాలమీద చెక్కినవి కనిపిస్తాయి, ఆ కుర్రాళ్ళు ఇంటికి రాసిన ఉత్తరాలు. రాతిలో ఎత్తుగా ఎక్కిపోతుంటాయి వాక్యాలు, మెడ ఎత్తి చదవాలి. స్తంభాల మధ్య ఇద్దరు పట్టే సందే వుంటుంది గనక ఎవరూ గట్టిగా మాట్లాడరు. మా అమ్మాయి చదివి చెబుతుంటే విన్నాను. కొంతసేపటికి ఆమె చదవటం ఆపేసింది, నేనూ అడగలేదు.

రోజంతా చూసినవాటిలో నన్ను కదిలించింది అదే. అందులో పేరుమోసిన హంగు లేదు. రాజుల పేర్లూ తేదీలూ చెక్కే రాతిమీద, అమ్మకి రాసిన ఉత్తరం చెక్కవచ్చునని ఒకరికి తోచింది. ఆ ఉత్తరాలు అన్నేళ్ళూ ఇళ్ళల్లో పెట్టెల అడుగున దాచి వుంచినవాళ్ళు ఎవరో నేను వేరే చెప్పాలా?

మీ పిల్లలెవరైనా ఇండియానాపొలిస్ చుట్టుపక్కల వుండి, "అమ్మా, షికాగో వెడదామా, నయాగరా వెడదామా" అని అడిగితే, అవి చూడండి, వద్దనను. ఒక్క రోజు మాత్రం యీ వూరికి అట్టేపెట్టుకోండి. మిల్లర్ గారింటికి టిక్కెట్లు ముందే తీసుకోండి. నొప్పిచెయ్యని చెప్పులు వేసుకోండి. వాషింగ్టన్ వీధిలో 1900 నుంచీ పేరున్న జహరాకోస్ ఐస్‌క్రీం దుకాణముంది, మనవలున్నవాళ్ళు అది దాటి పోలేరు. గైడు చెప్పేది శ్రద్ధగా వినండి. విన్నాక, ప్రతి భవనంలోనూ అద్దాలు ఎవరు తుడుస్తున్నారో ఒకసారి చూసి, మీ అభిప్రాయం మీరు ఏర్పరచుకోండి.